బడి క్లౌడ్‌లో ఫొటోల తనిఖీ: వెతకడానికి ముందే తేల్చుకోవలసిన సంగతులు

"బడి అకౌంటులో ఉన్న ఫొటోలన్నీ ఇకమీద కంప్యూటరు వెతుకుతుందంట గదా సార్, మా బిడ్డల ఫొటోలు కూడానా?" తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న వస్తోంది. ఉపాధ్యాయుల నుంచి ఇంకో ప్రశ్న: "మా సొంత ఫోన్ల సంగతేమిటి?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. బడి క్లౌడ్‌లో పిల్లలకు హాని చేసే చిత్రాలు ఏవైనా చేరి ఉన్నాయా అని తనిఖీ చేసే ఏర్పాటు గురించి మన బడి ఆలోచిస్తున్న మాట నిజం. నిర్ణయం ఇంకా జరగలేదు. జరగక ముందే మీకు విషయం తెలియాలి, అదీ తెలుగులో తెలియాలి అని ఈ వ్యాసం రాస్తున్నాను. శాఖ నుంచి వచ్చే సర్క్యులర్లు తమిళంలో ఉంటాయి, కంపెనీల షరతులు ఇంగ్లీషులో ఉంటాయి. ఈ రెండిటి నడుమ మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు అందేది తక్కువ.

నా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాను. తనిఖీ అవసరమే. అయితే అది చివరి మెట్టు. దొరికితే ఏం చేస్తాం, ఎవరు చేస్తారు, ఆ బిడ్డను ఎట్లా కాపాడతాం అన్నది కాగితం మీద రాసి పెట్టుకోకుండా వెతకడం మొదలుపెడితే మేలు కంటే కీడే జాస్తి. ఎందుకో వరసగా చూద్దాం.

మన క్లౌడ్‌లో ఏముంది?

2020లో కరోనా వచ్చి బడులు మూతపడేదాకా బడి రికార్డు అంటే బీరువాలో రిజిస్టర్లే. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని చాలా బడులు గూగుల్ వాళ్ళు విద్యాసంస్థలకు ఉచితంగా ఇచ్చే అకౌంట్లు తీసుకున్నాయి. అప్పటి నుంచి అందులో చేరినవి చూడండి: హోంవర్కు నోట్సుల ఫొటోలు, వార్షికోత్సవం వీడియోలు, కబడ్డీ పోటీల ఫొటోలు, ఆధార్ కాపీలు, కమ్యూనిటీ సర్టిఫికెట్లు, ఆటలో దెబ్బ తగిలిన పిల్లవాడి మోకాలి ఫొటో, డ్యాన్సుకు ముస్తాబవుతున్న ఆడపిల్లల ఫొటోలు. ఎవరూ చెడు ఉద్దేశంతో పెట్టినవి కావు. కాని ఏది ఎక్కడుంది, ఎవరెవరు చూడగలరు అంటే వెంటనే జవాబు చెప్పగలిగే బడులు తక్కువ.

ఇంకో దారి కూడా ఉంది. ఉపాధ్యాయుడి సొంత ఫోనులో బడి అకౌంటు ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన వీడియో తెరవకపోయినా ఫోనులోకి దిగిపోతుంది. ఆ ఫోల్డరుకు బ్యాకప్ ఆన్ చేసి ఉంటే ఫోనులోకి దిగినది బడి అకౌంటులోకి ఎక్కుతుంది. అంటే బయట ఎవరో పంపిన చెత్త, ఎవరూ కోరకుండానే, బడి పేరు మీద నిలవ ఉండే వీలుంది.

యంత్రం ఎట్లా వెతుకుతుంది?

ఇక్కడ రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఆ రెండిటినీ కలిపి మాట్లాడడం వల్లే సగం గందరగోళం.

మొదటిది వేలిముద్ర పద్ధతి. పిల్లల మీద జరిగిన అత్యాచారాల చిత్రాలు దర్యాప్తుల్లో దొరికినప్పుడు, వాటి నుంచి గణితంతో ఒక్కొక్క అంకెల గుర్తు తీస్తారు. దాన్ని హ్యాష్ అంటారు. ఆ గుర్తు నుంచి చిత్రాన్ని తిరిగి గీయడం కుదరదు, పోల్చడానికి మాత్రమే పనికొస్తుంది. మామూలు హ్యాష్ అయితే చిత్రంలో ఒక్క చుక్క మారినా గుర్తంతా మారిపోతుంది. వాట్సాప్‌లో పంపితే చాలు, చిత్రం కుదించుకుపోయి గుర్తు తప్పుతుంది. అందుకని 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థ, అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హానీ ఫరీద్ కలిసి ఫొటోడీఎన్‌ఏ అనే పద్ధతి తయారుచేశారు. చిత్రాన్ని నలుపు తెలుపు చేసి, ఒకే కొలతకు తెచ్చి, గళ్ళు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో వెలుగునీడల తేడాను అంకెలుగా మారుస్తారు. చిత్రం చిన్నదైనా, రంగు మారినా గుర్తు దగ్గర దగ్గరగానే ఉంటుంది.

రెండోది అంచనా పద్ధతి. ఇంతకుముందు ఎవరూ చూడని చిత్రంలో చర్మం, శరీర భంగిమ, వయసు పోలికలు చూసి కృత్రిమ మేధ "ఇది అనుమానాస్పదం" అని చెబుతుంది. మొదటిది పాత నేరస్థుడి వేలిముద్రను పోల్చడం లాంటిది. రెండోది ముఖం చూసి దొంగ అనుకోవడం లాంటిది. మొదటిది తప్పడం చాలా అరుదు గాని కొత్త చిత్రాన్ని పట్టలేదు. రెండోది కొత్తదాన్ని పట్టగలదు గాని తప్పులు కూడా అట్లాగే చేస్తుంది.

మీరు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. మనం చేసినా చేయకపోయినా పెద్ద కంపెనీలు తమ సర్వర్లలో ఈ తనిఖీ ఇప్పటికే చేస్తున్నాయి. గూగుల్ ఈ రెండు పద్ధతులూ వాడుతోంది. వెతికి తీరాలని అమెరికా చట్టం కంపెనీలను బలవంతపెట్టదు. తెలిసిన తర్వాత మాత్రం నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ అనే సంస్థకు చెప్పి తీరాలంటుంది. 2023లో ఆ సంస్థకు ప్రపంచం మొత్తం మీద 3.6 కోట్లకు పైగా రిపోర్టులు చేరాయి. 2022లో మన దేశానికి సంబంధించినవే 50 లక్షలు దాటాయి. ఈ అంకెలు చూసి బెదిరిపోవద్దు. ఒకే వీడియో వెయ్యిమంది పంచుకుంటే అప్పట్లో అది వెయ్యి రిపోర్టులుగా లెక్కకొచ్చేది. కాని ఆ రిపోర్టులు గాలికి పోవు. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన జాతీయ నేర గణాంక సంస్థకు వస్తాయి, అక్కడి నుంచి రాష్ట్ర పోలీసులకు వెళతాయి. బడి అకౌంటులో ఏదైనా ఉండి మనకు తెలియకపోతే, పోలీసులు గేటు దగ్గరికి వచ్చి చెప్పేదాకా మనకు తెలియదన్నమాట.

చట్టం ఏమంటోంది?

2024 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, ఇట్లాంటి వీడియో డౌన్‌లోడ్ చేసుకుని ఒంటరిగా చూడడం నేరం కాదని తీర్పు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటే వాడొద్దని, అది బిడ్డ మీద జరిగిన దోపిడీకి, అత్యాచారానికి సాక్ష్యమని, పేరు కూడా అట్లాగే ఉండాలని చెప్పింది. మాట మార్పు చిన్న సంగతి కాదు. ఇది "చెడు సినిమా" తంతు కాదు. ప్రతి చిత్రం వెనక ఒక బిడ్డ ఉంది. చిత్రం చేతులు మారిన ప్రతిసారీ ఆ బిడ్డకు అదే అవమానం మళ్ళీ జరుగుతుంది.

2012 నాటి పోక్సో చట్టంలో బడికి సంబంధించినవి నాలుగు మాటల్లో చెబుతాను. 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూ పిల్లలే. 15వ సెక్షను ప్రకారం, ఇట్లాంటి సామగ్రిని ఇతరులకు పంపే ఉద్దేశంతో, తీసేయకుండా, రిపోర్టు చేయకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. పంచితే శిక్ష ఇంకా పెద్దది. 19వ సెక్షను ప్రకారం, పిల్లల మీద నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ బాధ్యతలో ఉన్నవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ళ మీద ఏ చర్యా ఉండదని కూడా 19వ సెక్షనే చెబుతోంది. వీటికి తోడు ఐటీ చట్టంలో 67బి సెక్షను ఉంది. దాని కింద వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరమే, మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు.

దీన్ని పుస్తకంలో మాటలనుకోవద్దు. 2024 ఆగస్టులో మన కృష్ణగిరి జిల్లాలోనే ఒక ప్రైవేటు బడిలో జరిగిన నకిలీ ఎన్‌సీసీ క్యాంపు కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో అఘాయిత్యం చేశాడన్నవాడితోపాటు, తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణ మీద బడి నడిపేవాళ్ళనూ అరెస్టు చేశారు. "మనలో మనం సర్దుకుందాం" అన్న పాత పద్ధతికి చట్టంలో చోటు లేదని అందరికీ తెలిసొచ్చింది.

తీసేస్తే పోదా?

చాలామంది మనసులో ఉండే మాట ఇదే. కంట పడితే డిలీట్ కొట్టేసి ఊరుకుంటే సరిపోదా? సరిపోదు. ఆ చిత్రంలో ఉన్నది మన బిడ్డే కావచ్చు, తీసినవాడు ఇంకా ఆ బిడ్డ దగ్గరే తిరుగుతుండవచ్చు. డిలీట్ చేస్తే పోయేది సాక్ష్యం, ప్రమాదం పోదు. పైగా 19వ సెక్షను కింద చెప్పవలసిన బాధ్యత డిలీట్ చేసినంతమాత్రాన తీరదు.

అట్లాగని భద్రంగా ఒక పెన్‌డ్రైవులో దాచి పెట్టుకోవడమూ తప్పే. "చూడండి సార్, ఇట్లాంటిది దొరికింది" అని హెడ్మాస్టరుకు వాట్సాప్‌లో పంపడం ఇంకా పెద్ద తప్పు. మంచి ఉద్దేశంతో చేసినా అది ఆ చిత్రాన్ని ఇంకొకరికి చేర్చడమే. ఇంగ్లాండులో బడులకు ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: చూడొద్దు, కాపీ తీయొద్దు, అచ్చు తీయొద్దు, ఎవరికీ పంపొద్దు, నిలవ పెట్టొద్దు. మనం కూడా ఇదే గోడ మీద రాసుకోవాలి.

యంత్రం తప్పు చేస్తే?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2021లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, పసివాడైన తన కొడుక్కి మర్మాంగం దగ్గర వాపు వస్తే, డాక్టరుకు చూపించడానికి ఫొటో తీశాడు. అది క్లౌడ్‌లోకి ఎక్కింది, యంత్రం అనుమానించింది, గూగుల్ అకౌంటు మూతపడింది, పోలీసు విచారణ జరిగింది. నేరమేమీ లేదని పోలీసులు తేల్చారు. అయినా అకౌంటు తిరిగి రాలేదు. ఏళ్ళ తరబడి దాచుకున్న మెయిళ్ళు, ఫొటోలు, అన్నీ పోయాయి. ఇది అంచనా పద్ధతి వల్ల వచ్చిన ముప్పు.

బడుల సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ పట్టణపు బడులు పిల్లల గూగుల్ అకౌంట్లను గాగుల్ అనే సాఫ్ట్‌వేరుతో తనిఖీ చేయించాయి. చిత్రకళ క్లాసుకోసం పిల్లలు తీసిన ఫొటోలను అది నగ్న చిత్రాలుగా పట్టింది. పిల్లలు 2025లో కోర్టుకెక్కారు. అంతకు చాలా ముందు, 2010లో పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ బడుల కథ ఇంకా ఘోరం. పోయిన ల్యాప్‌టాప్‌లు వెతకడానికని పెట్టిన సాఫ్ట్‌వేరు, ఇళ్ళలో ఉన్న పిల్లల ఫొటోలను వాళ్ళకు తెలియకుండా తీసింది. చివరికి 6,10,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. పిల్లల భద్రత పేరు చెప్పి పిల్లల పడకగదిలోకి తొంగిచూసిన బడి అది.

పెద్ద కంపెనీలకే ఈ తూకం కుదరలేదు. ఆపిల్ 2021 ఆగస్టులో ఫోనులోనే ఫొటోలను పోల్చే పద్ధతి తెస్తానంది. ఇవాళ పిల్లల చిత్రాలకు పెట్టిన కన్ను రేపు ప్రభుత్వాలు దేనికైనా తిప్పగలవని నిపుణులు అభ్యంతరం చెప్పారు. 2022 డిసెంబరులో ఆపిల్ ఆ ఆలోచన మానుకుంది. 2024 డిసెంబరులో బాధితులు, "మానుకోవడం వల్ల మా చిత్రాలు ఇంకా తిరుగుతున్నాయి" అని ఆపిల్ మీదే దావా వేశారు. యూరప్‌లో 2022 మేలో పెట్టిన చట్ట ప్రతిపాదన మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది. రెండు పక్షాల్లోనూ న్యాయముంది. అందుకే చిన్న బడి అయినా మనం తొందరపడకూడదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, పిల్లల నడవడిని వెంటాడి గమనించడం కూడదంటుంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో బడులకు చదువు కోసం, పిల్లల భద్రత కోసం కొంత మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు ఉంది కదా అని అడగకుండా చేయడం మర్యాద కాదు. అడిగే చేయాలన్నది నా మాట.

మన బడి ఏం చేయాలి?

నేను సంఘం ముందు పెట్టబోయే క్రమం ఇది. మీరు చదివి, తప్పులుంటే చెప్పండి.

1. లెక్క తీయాలి. బడి పేరు మీద ఎన్ని అకౌంట్లున్నాయి, ఏ ఫోల్డరు ఎవరిది, వదిలి వెళ్ళిన ఉపాధ్యాయుల అకౌంట్లు, చదువు ముగించిన పిల్లల అకౌంట్లు ఇంకా తెరిచి ఉన్నాయా. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని గదిని సోదా చేయలేం.

2. నిలవ తగ్గించాలి. అవసరం తీరిన ఆధార్ కాపీలు, గాయాల ఫొటోలు, ముస్తాబు గదిలో తీసినవి ఉండకూడదు. అయితే శుభ్రం చేసేటప్పుడు అనుమానం కలిగించేది ఏదైనా కంట పడితే అక్కడే ఆగాలి. అది చెత్త కాదు, సాక్ష్యం.

3. "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అన్న ఏర్పాటు మూసేయాలి. వార్షికోత్సవం ఫొటోలు చూడాలనుకునే తల్లిదండ్రులకు పేరు పేరునా అనుమతి ఇస్తే సరిపోతుంది.

4. సొంత ఫోను, బడి అకౌంటు వేరు కావాలి. ఉపాధ్యాయులు తమ ఫోనులో బడి అకౌంటుకు ఫొటోల బ్యాకప్ ఆపేయాలి. పిల్లల ఫొటోలు తీయడానికి బడి ఫోను ఒకటి ఉండాలి.

5. బాధ్యులు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ. హెచ్చరిక వస్తే ఇద్దరికీ ఒకేసారి రావాలి. ఒక్కరికే వస్తే, ఆ ఒక్కరే తప్పు చేసినవారైతే ఎట్లా? హెడ్మాస్టరు మీదే అనుమానం వస్తే నేరుగా బయటికి చెప్పే దారి కూడా రాసి ఉండాలి. ఈ మాట నా మీద నేను పెట్టుకుంటున్న నిబంధన.

6. తనిఖీ హద్దులు రాయాలి. బడి ఉమ్మడి ఫోల్డర్లు, సిబ్బంది అకౌంట్లు: వేలిముద్ర పద్ధతి. పిల్లల అకౌంట్ల మీద అంచనా పద్ధతి వద్దన్నది నా అభిప్రాయం. ఆ వేలిముద్రల జాబితా ఏ బడికీ నేరుగా చేతికివ్వరు. అర్హత పరిశీలించిన సంస్థల ద్వారానే సేవ దొరుకుతుంది. కాబట్టి ఎవరైనా "మీ డ్రైవు అంతా స్కాన్ చేసి పెడతాం" అని వస్తే, మీ పోలిక దేనితో, పిల్లల ఫొటోలు మీ సర్వరుకు పోతాయా, ఎన్నాళ్ళు ఉంచుతారు అని మూడు ప్రశ్నలు అడగాలి. సమాధానం లేకపోతే నమస్కారం పెట్టి పంపేయాలి.

7. ఉత్తుత్తి పరీక్ష ఒకటి చేయాలి. నిజమైన హానికర చిత్రంతో పరీక్షించడం నేరం, ఆ ఊసే వద్దు. మన ఆవరణలోని మామిడిచెట్టు ఫొటో ఒకటి "దొరికింది" అనుకుని, హెచ్చరిక మొదలు ఫిర్యాదు కాగితం దాకా ఎవరెవరు ఏం చేస్తారో ఒకసారి నడిపి చూడాలి. ఎక్కడ తడబడతామో అప్పుడు తెలుస్తుంది.

దొరికిన రోజు

ఏ అకౌంటు, ఏ ఫైలు, హెచ్చరిక వచ్చిన సమయం, ఎవరికి వచ్చింది, ఈ నాలుగూ నోటు పుస్తకంలో పెన్నుతో రాయాలి. ఫైలు తెరవకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు. అకౌంటును సస్పెండ్ చేయాలి, డిలీట్ చేయకూడదు. సస్పెండ్ చేస్తే లోపలివి అట్లాగే ఉంటాయి, ఆ అకౌంటుతో ఎవరూ లోపలికి రాలేరు. ఆ రోజే మహిళా పోలీస్ స్టేషనుకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కో రాతపూర్వకంగా చెప్పాలి. 2020 నాటి పోక్సో నిబంధనలు ఈ దారులనే చూపిస్తున్నాయి. ఎప్పుడు తీసేయాలన్నది పోలీసులు చెప్పిన తర్వాతే.

బిడ్డ ఎవరో తెలిస్తే, ఆ బిడ్డను స్టాఫ్ రూములో నిలబెట్టి ప్రశ్నించకూడదు. విచారణ మన పని కాదు. "నీ తప్పు లేదు, నీ వెంట మేమున్నాం" అని చెప్పడం మాత్రమే మన పని. తల్లిదండ్రులకు చెప్పాలి, ఇంట్లోవాళ్ళ మీదే అనుమానముంటే ముందు 1098కి ఫోను చేయాలి. తమిళనాడు విద్యాశాఖ సహాయ నంబరు 14417 కూడా పిల్లలకు తెలిసి ఉండాలి.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా పనికొచ్చే నిబంధన ఒకటుంది. పోక్సో 19వ సెక్షను ప్రకారం, బిడ్డకు అర్థంకాని భాషలో వాంగ్మూలం రాయవలసి వస్తే, అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి. వాంగ్మూలం తీసుకునేటప్పుడు పోలీసులు యూనిఫారంలో ఉండకూడదు, బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు అని 24వ సెక్షను. మన పిల్లలు తమిళం మాట్లాడతారు, నిజమే. బజారులో బేరం ఆడే తమిళం వేరు, తన మీద జరిగిన దారుణాన్ని చెప్పే భాష వేరు. అది ఇంటి భాషలోనే వస్తుంది. అడిగే హక్కు ఉంది, అడగండి. కోర్టులో కూడా ఈ హక్కు ఉంది.

యంత్రానికి దొరకనిది

ఇంత ఏర్పాటు చేసినా, రేపు మన బడిలో నిజంగా ఎదురయ్యే సమస్య బహుశా ఈ తనిఖీకి చిక్కదు. 2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రలెహో అనే చిన్న పట్టణంలో బడి పిల్లలే తోటి ఆడపిల్లల మామూలు ఫొటోలు తీసుకుని, కృత్రిమ మేధ యాప్‌తో నగ్న చిత్రాలుగా మార్చి పంచుకున్నారు. 15 మంది మైనర్లకు ఏడాది పర్యవేక్షణ శిక్ష పడింది. అవి కొత్త చిత్రాలు కాబట్టి ఏ జాబితాలోనూ వేలిముద్ర ఉండదు. అదే ఏడాది నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది ఆంధ్రప్రదేశ్ యువకుణ్ణి. అంటే ఈ జబ్బు ఎక్కడో లేదు.

ఆ మార్పిడికి ముడిసరుకు మామూలు ఫొటోలే. అది మనమే అందిస్తున్నాం. బడి వార్తల్లో పిల్లల దగ్గరి ఫొటో, కింద పూర్తి పేరు, తరగతి పెట్టడం మనకు గర్వంగానే ఉంటుంది. ఇకమీద గుంపు ఫొటోలు, పేర్లు లేకుండా పెడదామని నా ప్రతిపాదన. బహుమతి వచ్చిన బిడ్డ పేరు పెట్టినప్పుడు ఫొటో వద్దు, ఫొటో పెట్టినప్పుడు పేరు వద్దు.

ఇంకో కష్టమైన మాట. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు ఇష్టపడి ఒకరికొకరు ఫొటోలు పంపుకుంటారు. తర్వాత తగువు వచ్చి అది పదిమందికీ పోతుంది. చట్టం దృష్టిలో అది కూడా ఈ కోవలోకే వస్తుంది. తప్పు చేసిన పిల్లవాడు కూడా పిల్లవాడే. సాధారణంగా అతని సంగతి బాలల న్యాయ మండలి చూస్తుంది, పెద్దల జైలు కాదు. ఆ అమ్మాయికి అప్పుడు కావలసింది ఉపన్యాసం కాదు. 18 ఏళ్ళ లోపు వాళ్ళ కోసం 2023లో మొదలైన "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఫోను దాటి బయటికి పోదు, దాని వేలిముద్ర మాత్రమే వెళ్ళి, చేరిన కంపెనీల వేదికల్లో ఆ చిత్రాన్ని ఆపుతుంది. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేదాన్ని అది ఆపలేదు. అక్కడ ఆపగలిగింది తోటి పిల్లలే: వచ్చినదాన్ని ముందుకు పంపకుండా, నమ్మకమున్న పెద్దవాళ్ళకు చెప్పడం.

చెప్పాలంటే మన మీద నమ్మకం ఉండాలి. మనది చిన్న సమాజం. అందరూ అందరికీ ఏదో వరస అవుతారు. ఆడపిల్ల ఫొటో బయటపడిందంటే ముందు పరువు, పెళ్ళి, "చదువు మాన్పించేద్దాం" అన్న మాటలే వస్తాయి. తప్పు చేసినవాడు మేనమామ వరస అయితే పెద్దమనుషులు రాజీకి కూర్చుంటారు. బిడ్డకు ఇదంతా తెలుసు కాబట్టే నోరు విప్పదు. ఏ సాఫ్ట్‌వేరు కొన్నా ఈ మౌనాన్ని అది స్కాన్ చేయలేదు. ఫొటో బయటపడిన ఆడపిల్ల మర్నాడు కూడా తల ఎత్తుకుని బడికి రాగలగాలి. మన ఏర్పాటు మంచిదో కాదో చెప్పే కొలత నా దృష్టిలో అదే.

ముసాయిదా నియమాలు తెలుగులో, తమిళంలో ఆఫీసు గదిలో పెడుతున్నాం. తల్లిదండ్రులు వచ్చి చదవండి, చదవలేనివాళ్ళకు మా ఉపాధ్యాయులు చదివి వినిపిస్తారు. అభ్యంతరాలు పేరు లేకుండా రాసి పెట్టెలో వేసినా సరే. ఉపాధ్యాయులు ఈ వారమే తమ ఫోనులో బడి అకౌంటు ఫొటో బ్యాకప్ ఆపేయాలి, దానికి సంఘం నిర్ణయం దాకా ఆగనక్కరలేదు. మీ అభిప్రాయాలు అందిన తర్వాతే తనిఖీ మాట ఎత్తుతాం.